డాక్టరమ్మ పాట

మా ఆసుపత్రి డాక్టరమ్మ గారు పోయారు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. పొద్దున్నే నేను మందుల గదిలో సీసాలు కడుగుతుంటే ఆయా పరుగెత్తుకుంటూ వచ్చి, "కంపౌండరు గారూ, అమ్మ లేవట్లేదండీ. టీ చల్లారిపోయింది, ఎంత పిలిచినా లేవట్లేదు" అంది. ఏడాదిగా ఆవిడ గుండె బాగాలేదని నాకు తెలుసు. ఆవిడకి మందు కలిపి ఇచ్చేది నేనే. కడుగుతున్న సీసా చేతిలో పట్టుకునే ఆవిడ గదికి వెళ్ళాను. సీసా సరిగ్గా కడగలేదని లేచి నన్ను తిడతారేమోనని, వెర్రి ఆశ, గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. తిట్టలేదు.

ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఆవిడ సంగతి నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఆవిడది ఐర్లండు దేశం. స్వరాజ్యం వచ్చిన కొత్తలో, దొరలంతా పెట్టెలు సర్దుకుని పోతుంటే, ఆవిడ పెట్టె పట్టుకుని ఇటు వచ్చారు. ఎవరన్నా తెలియక ఇంగ్లీషు దొరసాని అన్నారో, మండిపడేవారు. "నేను ఇంగ్లీషుదాన్ని కాదయ్యా! వాళ్ళని మేమూ వెళ్ళగొట్టాం. మీకంటే ముందే వెళ్ళగొట్టాం" అనేవారు.

ఆవిడది పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు కాదు. పురుళ్ళ గదిలో, పొలం గట్ల మీద, ఆయాల నోట పట్టుకున్న తెలుగు. అందుకని మీరు, తమరు అనేవి ఆవిడకి సరిగ్గా అబ్బలేదు. ఎంత మోతుబరి రైతు వచ్చినా "ఏరా, మందు మింగావా, పారబోశావా?" అని అడిగేవారు. ఊళ్ళో ఎవరికీ తలవంచని మనిషి కూడా "మింగానమ్మా, నీ తోడు" అని చేతులు కట్టుకునేవాడు. నన్ను మాత్రం కంపౌండరూ అని పిలిచేవారు. పిలవడం అంటే మామూలుగా కాదు, ఆసుపత్రి ఈ కొస నుంచి ఆ కొసకి వినిపించే కేక. ఆ కేకకి నేను విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆ వరండా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అక్కడ నిలబడలేకపోతున్నాను.

సైకిలు వెనక నల్ల పెట్టె ఒకటి కట్టుకుని ఆవిడ ఊళ్ళు తిరిగేవారు. అందులో కోతల కత్తులుంటాయని పిల్లలు పారిపోయేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, కొత్తలో నేనూ అదే అనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఆ పెట్టె వరండాలో పెట్టి తెరిచారు. లోపల వయొలిన్ ఉంది.

"నువ్వు నాటకాల్లో హార్మోనియం వాయిస్తావటగా. పట్టుకురా" అన్నారు.

"మీ దేశం పాటలు నాకేం వస్తాయమ్మా?"

"నేను పుట్టగానే గోంగూర తిన్నానా? నేర్చుకోలేదూ? పట్టుకురా!"

గోంగూర పచ్చడి సంగతి నిజమే. పండుమిరపకాయలు దంచి కలిపిన పచ్చడి తింటుంటే ఆవిడ ముఖం దొండపండులా ఎర్రబడేది, ముక్కు కారేది. "బాగుంది, ఇంకొంచెం వెయ్యి" అని ఆయాకి కంచం చాపేవారు. అలాంటి మనిషి పట్టుకురమ్మన్నాక పట్టుకురాక తప్పుతుందా? తీసుకెళ్ళాను.

ఆవిడ ఊళ్ళో సంగీతం ఎలా ఉంటుందో ఆ రోజే చెప్పారు. సాయంత్రాలు ఎవరో ఒకరింటి వంటింట్లో పొయ్యి చుట్టూ చేరతారట. కమ్మరి, పాలమ్మే మనిషి, బడిపంతులు, ఎవరి వాయిద్యం వాళ్ళు తెచ్చుకుంటారట. ఎదురుగా కూర్చుని మెచ్చుకునేవాళ్ళెవరూ ఉండరట. ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్ళు కలుస్తారు, తెలియనివాళ్ళు ఊరుకుని వింటారు. కచేరీ కాదు, డబ్బులు లేవు. "ఒక్కదాన్నే గదిలో కూర్చుని వాయిస్తే అది సాధన, కంపౌండరూ. పాట కాదు. పాటకి మనుషులు కావాలి" అన్నారు. ఈ దేశం వచ్చాక ఆవిడకి ఎండ పడింది, కారం పడింది, చివరికి దోమలు కూడా పడ్డాయి. పక్కన కూర్చుని వాయించే మనిషి లేకపోవడం ఒక్కటే ఆవిడకి పడలేదు.

అలా మొదలైంది మా ఆదివారపు గుంపు. హైస్కూల్లో తెలుగు మాస్టారు మృదంగం వాయిస్తారని తెలిసి ఆయన్ని లాక్కొచ్చారు. ఊరి పెళ్ళిళ్ళకి వాయించే సన్నాయి ఆయన వేలికి గోరుచుట్టు లేచి ఆసుపత్రికి వస్తే, కట్టు కట్టి, "ఫీజు వద్దు. ఆదివారం సన్నాయి తీసుకుని రా" అన్నారు. ఆయన ఆవిడకంటే కాస్త పెద్దవాడు. ఆవిడ ఆయన్ని సన్నాయన్నా అని పిలిచేవారు. మేం నలుగురం. ఊళ్ళోవాళ్ళు మాకు దొరసాని భజన అని పేరు పెట్టారు. పెట్టనీ.

మా వాయింపు చూసి తీరాల్సిందే. డాక్టరమ్మ వాళ్ళ దేశం పాట చిన్నది. రెండు ముక్కలుంటాయి. దాన్నే తిప్పి తిప్పి వాయించి, ఆపకుండా ఇంకో పాటలోకి దూకేస్తారు. మాస్టారికి ఇది మింగుడు పడేది కాదు. ఆవర్తనం పూర్తయినప్పుడల్లా, పాట అయిపోయిందనుకుని, ఘనంగా ముక్తాయింపు వేసి, కండువాతో చెమట తుడుచుకుని, మృదంగం పక్కకి వాల్చేవారు. ఆవిడ మాత్రం చెప్పుకాలు నేలకేసి కొడుతూ వాయిస్తూనే ఉండేవారు. "మాస్టారూ! ఇంకా అయిపోలేదయ్యా!" అని కేకేస్తే ఆయన ఉలిక్కిపడి మళ్ళీ ఎత్తుకునేవారు. ఒకసారి ఆయనకి ఒళ్ళు మండి, "అసలు ఇది ఎప్పుడు అయిపోతుందో మీకైనా తెలుసా అమ్మా?" అని అడిగారు. "టీ వచ్చినప్పుడు" అన్నారు ఆవిడ. రోగులు మంచాల మీద లేచి కూర్చుని మరీ నవ్వారు.

సన్నాయిది వేరే గొడవ. అది వరండాలో మోగితే మిగతావాళ్ళం ఉన్నా లేనట్టే. అందుకని ఆయన్ని దూరంగా బావి గట్టు మీద కూర్చోబెట్టేవారు. సన్నాయి శ్రుతి మారదు కనక ఆవిడే తన వయొలిన్ తీగలు సడలించి ఆయన శ్రుతికి దిగేవారు. "మీరు దిగొచ్చారు గదమ్మా, తప్పు నాది" అని ఆయన నొచ్చుకుంటే, "ఇంటికి పెద్దవాడివి. నీ శ్రుతిలోనే ఉంటాం" అనేవారు.

ఆవిడ దేశపు ఆచారం ఒకటి నాకు బాగా నచ్చింది. పాట ఎత్తుకునే ముందు అది ఎవరి దగ్గర తెచ్చుకున్నదో చెప్పాలి. "ఇది మా మేనమామ దగ్గర తెచ్చుకున్నాను. ఆయన పొరుగూరి గుడ్డి ముసలాయన దగ్గర తెచ్చుకున్నాడు" అని ఆ పోయినవాళ్ళని ఒక్కసారి తలుచుకుని, అప్పుడు కమాను అందుకునేవారు. మమ్మల్నీ అలాగే చెప్పమనేవారు. సన్నాయి ఆయన తన తాత పేరూ ముత్తాత పేరూ చెప్పేటప్పుడు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునేవాడు. అంతకుముందు ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

ఇక అసలు పాట దగ్గరికి వస్తాను. రాయడానికి చెయ్యి వెనకాడుతోంది, అయినా రాయాలి.

ఒక వానాకాలం ఆవిడ తెల్లవారుతూనే గదిలో కూర్చుని ఒక నిదానమైన పాట వాయించేవారు. దానికి తాళం లేదు. ఒక స్వరం మీద నిలిచి, అక్కడి నుంచి మెల్లగా జారి, మళ్ళీ పైకి వెళ్ళి ఆగేది. ఆదివారాలు మా దగ్గర మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. అది ఎవరి దగ్గర తెచ్చుకున్నదో కూడా చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే కసురుకుంటారని భయం.

మరుసటి ఎండాకాలం సన్నాయి ఆయన కూతురి పెళ్ళి. మా ముగ్గురినీ పిలిచాడు. డాక్టరమ్మ గారు ఆయా కట్టిన మంగళగిరి చీరతో, దాన్ని గుప్పిట్లో పట్టుకుని నడుస్తూ వచ్చారు. పెళ్ళి అయింది, భోజనాలు అయ్యాయి, అప్పగింతల వేళ వచ్చింది. సన్నాయి ఆయన డోలు ఆపమని సైగ చేసి, సన్నాయి తనే అందుకున్నాడు. ఆ పాటే! డాక్టరమ్మ గారు గదిలో వాయించుకునే పాట. పొద్దున్నే ఆసుపత్రి గోడ పక్కగా వెళుతూ విని విని పట్టేశాడట. సన్నాయిలో ఆ జారుడు మరీ గుండెల్లోకి దిగింది. పందిట్లో ఆడవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, అందరూ ఏడ్చారు. పెళ్ళికూతురు తండ్రి మెడ పట్టుకుని వదల్లేదు.

ఆయన వాయించడం ముగించి, కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాడు. "మీ పాటేనమ్మా. మీకు చెప్పకుండా తెచ్చుకున్నాను. ఆడపిల్లని పంపడానికే కట్టినట్టుంది. బాగా వచ్చిందా?" అని అడిగాడు.

ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కానీ ఆయన చెయ్యి పట్టుకుని, "చాలా బాగా వచ్చింది, సన్నాయన్నా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చారు. పత్తి చేలు దాటాక ఆగి, "కంపౌండరూ, అది శవం దగ్గర వాయించే పాట" అన్నారు.

ఆవిడ చేతిలోంచి సైకిలు నేను అందుకున్నాను.

వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే వెంటనే తీసుకుపోరట. ఇరుగుపొరుగు వచ్చి శవం చుట్టూ కూర్చుంటారట. టీలు తాగుతారు, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుని నవ్వుతారు కూడాను. శవపెట్టె లేపే ముందు ఈ పాట వాయిస్తారు. ఆవిడ తమ్ముడు పోయినప్పుడు మేనమామ వాయించాడట. పోయిన వానాకాలంలో వాళ్ళ అమ్మ పోయిందట. కబురు అందేసరికి అంతా అయిపోయింది. అందుకని తన గదిలో కూర్చుని, పొద్దున్నే, తల్లి కోసం తనొక్కతే వాయించుకున్నారు. తల్లి పోయిందన్న సంగతి మాలో ఒక్కరికీ చెప్పలేదు. పురుళ్ళు పోశారు, కట్లు కట్టారు, సీసాలు మురికిగా ఉన్నాయని నన్ను తిట్టారు. ఎలా తట్టుకున్నారో తల్లీ!

"ఆయనకి చెప్పాలి గదమ్మా. ఇంకో పెళ్ళిలో వాయిస్తే ఎట్టా?" అన్నాను.

"నోరు ముయ్యి. చెబితే ఏమవుతుంది? కూతురికి కీడు జరుగుతుందని జీవితాంతం కుమిలిపోతాడు. చెప్పనని నాకు మాటివ్వు."

మాటిచ్చాను. ఆ పాట ఊళ్ళు పట్టుకుంది. ఆడపెళ్ళివారు సన్నాయికి బయానా ఇచ్చేటప్పుడే "అప్పగింతలకి డాక్టరమ్మ పాట ఉండాలయ్యో" అని చెప్పడం మొదలుపెట్టారు. ఎక్కడ అది వినిపించినా నేను పందిట్లోంచి లేచి వచ్చేసేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తితే, "సన్నాయన్న కూతురికి ఇద్దరు కొడుకులు. ఇద్దర్నీ ఈ చేతులతోనే తీశాను. చెరో గుండ్రాయిలా ఉన్నారు. ఇంకేం కీడయ్యా నీ మొహం!" అని కొట్టిపారేశారు. మళ్ళీ తనే, "మా ఊళ్ళో ఇప్పుడు ఈ పాట వాయించేవాళ్ళు మిగిలారో లేదో తెలియదు. ఇక్కడ పెళ్ళిళ్ళలో బతికింది. బతకనీ" అన్నారు.

పోయిన ఏడు గుండె మొదటిసారి మొరాయించింది. గుంటూరు నుంచి వచ్చిన, మా ఆసుపత్రి నడిపే మిషను పెద్దలు ఓడెక్కి ఇంటికి వెళ్ళమన్నారు. "ఇంట్లో ఎవరున్నారు? ఇక్కడైతే నా మీద విసుక్కోవడానికి కంపౌండరు ఉన్నాడు" అన్నారట. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచారు. కేకేసి కాదు, మెల్లగా పిలిచారు. అప్పుడే నాకు భయం పుట్టింది.

"నేను పోయాక నన్ను ఒంటరిగా పడుకోబెట్టొద్దు. మీరొచ్చి కూర్చోండి. పెట్టె లేపే ముందు ఆ పాట వినిపించాలి. ఒక్కళ్ళు కాదు, కలిసి వాయించాలి" అన్నారు. నేను తలూపాను. "ఇంకోటి. సన్నాయన్నని అడగొద్దు. అది మంగళ వాయిద్యం. శవం దగ్గర ఊదితే రేపు పెళ్ళికి ఎవరు పిలుస్తారు? అడిగితే కాదనలేడు. అందుకే అడగొద్దు."

ఆవిడ జీవితంలో నన్ను కోరిన కోరిక అదొక్కటి. ఆ కోరికకి ఆవిడే అడ్డుకట్ట వేశారు. వయొలిన్ ఆవిడే, ఆవిడ పోతే ఇక వయొలిన్ ఎక్కడిది? సన్నాయిని పిలవకూడదు. మిగిలింది నా హార్మోనియం, మాస్టారి మృదంగం. స్వరం నుంచి స్వరానికి జారడం హార్మోనియానికి చేతకాదు. తాళమే లేని పాటకి మృదంగం ఏం చేస్తుంది? ఈ మాట ఆవిడతో అనలేక, "అట్టాగేనమ్మా" అని వచ్చేశాను.

ఆ రోజు వచ్చింది. ఎండలు ముదురుతున్నాయి కనక సాయంత్రానికే సమాధి చెయ్యాలన్నారు. వరండాలో, మేం ఆదివారాలు కూర్చునే చోటే, పెట్టె దించారు. నేనూ మాస్టారూ చెరో పక్క కూర్చున్నాం. ఆయన శవం దగ్గర మృదంగంతో కూర్చోవడం ఆయనింట్లో ఎవరికీ ఇష్టం లేదు. "స్నానం చేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు?" అని వచ్చేశారు. ఆయా ఏడుస్తూనే అందరికీ టీ పోసింది. పురుడు పోయించుకున్న ఒకావిడ డాక్టరమ్మ తిట్లు చెబితే కొందరు ఏడుస్తూనే నవ్వారు. ఆవిడ అడిగినవన్నీ జరుగుతున్నాయి, పాట తప్ప.

నేను హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టాను. మొదటి స్వరం పలికింది. అక్కడి నుంచి జారాలి. జారలేదు. తలుపు తట్టినట్టు ఒక్కో స్వరం విడివిడిగా పడింది. మాస్టారు నా వైపు జాలిగా చూసి తల దించుకున్నారు. ఒక్క కోరిక కోరిందమ్మా ఆ మహాతల్లి, అదీ తీర్చలేకపోయానే అని నాకు దుఃఖం ముంచుకొచ్చింది. తిత్తి మూసేసి, దానిమీదే తల పెట్టి ఏడ్చాను.

"ఏందిరా, చేతిలో అదేంది?" అని గేటు దగ్గర ఎవరో గద్దించడంతో తలెత్తాను. సన్నాయి ఆయన వచ్చాడు. కండువా కింద సన్నాయి ఉంది. గద్దించింది ఊరి పెద్దల్లో ఒకాయన. "ఒరేయ్, బుద్ధుందా? శవం దగ్గర సన్నాయా? వచ్చే నెల మా మనవరాలి పెళ్ళి. నిన్నెట్టా పిలుస్తాంరా?"

సన్నాయి ఆయన ఆ పెద్దాయనకి నమస్కారం పెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"కంపౌండరు గారూ, అమ్మకి పెళ్ళి కాలేదు గదండీ?"

"కాలేదయ్యా."

"అయితే అప్పగింతలూ కాలేదు. ఇన్ని ఊళ్ళ ఆడపిల్లల్ని ఆమె పాటతో సాగనంపాను. ఆమెని ఉత్తినే పంపమంటారా? నోరారా అన్నా అని పిలిచింది." ఊరి పెద్ద వైపు తిరిగాడు. "నేను శవం దగ్గర వాయించట్లేదు బాబూ. మా చెల్లెల్ని అత్తారింటికి పంపుతున్నాను. తప్పయితే నన్ను పిలవడం మానెయ్యండి."

నా గొంతు దాకా వచ్చింది నిజం. అన్నా, నువ్వు ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో వాయించింది ఈ రోజు కోసం కట్టిన పాటే, ఆమె కోరింది అదే. అనలేదు. ఇచ్చిన మాట ఉంది. పైగా ఆ మనిషి ముఖం చూస్తూ ఎలా అంటాను? ఇప్పుడు రాస్తున్నానంటే, పెద్ద దినం దాటాక ఆయనకి చెప్పే రాస్తున్నాను. నా మాట ఆవిడతోనే పోయిందనుకున్నాను. ఆయన విని, "ఇదంతా తెలిసీ నా కూతురి పెళ్ళిలో బాగా వచ్చిందని మెచ్చుకుందా!" అని వలవలా ఏడ్చాడు.

పెట్టె లేచింది. నేను హార్మోనియాన్ని భజనల్లోలా కండువాతో మెడకి తగిలించుకుని శ్రుతి పట్టాను. మాస్టారు మృదంగం మెడన వేసుకుని, తాళం లేని పాటకి అరచేత్తో మెల్లగా, గుండె కొట్టుకున్నట్టు తట్టారు. సన్నాయి ఆయన అందుకున్నాడు. మేం ముగ్గురం కలిసే వాయించాం.

సమాధుల దొడ్డికి దారి కల్లాల మధ్య నుంచి. రెండు పక్కలా ఎర్రగా ఆరబోసిన కాయలు, తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు. పొరుగూళ్ళ నుంచి కూలికి వచ్చినవాళ్ళు, కబురు వాళ్ళదాకా పోలేదు. దూరం నుంచి పాట వినపడగానే వాళ్ళంతా పనులాపి లేచారు. కొత్త పెళ్ళికూతురు వెళుతోందనుకున్నారు. ఒకరినొకరు పిలుచుకుంటూ, చూద్దామని దారి పక్కకి పరుగున వచ్చారు. ఆ పాటతో అత్తారిళ్ళకి వచ్చినవాళ్ళు ఎందరో వాళ్ళలో. మలుపు తిరిగి మేం ఎదురుపడేసరికి వాళ్ళ ముఖాల్లో నవ్వులు అలాగే ఆగిపోయాయి.

ఒక ముసలమ్మ ముందుకొచ్చి, పెట్టె వంకా సన్నాయి వంకా చూసి, "ఎవరి పిల్లయ్యా?" అని అడిగింది.

సన్నాయి ఆయన నోట్లో పీక ఉంది. నేనే చెప్పాను. "మన పిల్లేనమ్మా. ఆసుపత్రి డాక్టరమ్మ."

ముసలమ్మ వెనక్కి తిరిగి, "నడవండే. పొలిమేర దాకా వెళ్ళొద్దాం" అంది. మావైపు ఆడవాళ్ళు శవం వెంట నడవరు. పెళ్ళికూతురి వెంట పొలిమేర దాకా నడుస్తారు. ఆ రోజు అందరూ నడిచారు. పొద్దుటి నుంచి మిరపకాయలు ఏరిన చేతులు, ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు. అందుకని చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, కారే కన్నీళ్ళని కారనిస్తూ, ఆ ఆడవాళ్ళంతా ఆవిడ వెనకాలే వచ్చారు.